తొమ్మిదో అక్షరం

ఎర్జురుమ్ కోర్టు గేటుకి ఎదురుగా
మా పాత కంప్యూటర్ల కొట్టు.
జనవరి. రేకు చూరుకి మంచు
బొటనవేలంత లావున వేలాడుతోంది.
పెరిహాన్ గారు తలుపు తోసుకుని వచ్చారు,
వెనక చేతుల్లో టోపీ నలుపుకుంటూ
ఒక గొర్రెల కాపరి.

నలభై ఏళ్లుగా గేటు పక్కన గొడుగు కింద
ఊళ్లోవాళ్ల అర్జీలన్నీ కొట్టిన ఆమె టైపు మిషను
రాత్రి చలికి బిగుసుకుపోయిందట.
"గంటసేపు నీ యంత్రం ఇవ్వు బాబూ. అద్దె తీసుకో."

కూర్చున్నారు.
బంతిలో ఎవరి విస్తరి ముందు వాళ్లు కూర్చున్నట్టు
పది వేళ్లూ సర్దుకున్నాయి, ఆమె చూడనే లేదు.
తెర మీద మాత్రం
రాళ్లు నమిలినట్టు ఏదో పడింది.

"ఇది క్యూ బోర్డు," అన్నారు, తిట్టులాగా.
"నావి ఎఫ్ చేతులు."

నాకు ఇరవై ఒకటి. ఎఫ్ గురించి వినడమే,
అచ్చులన్నీ ఎడమచేతి కిందికి చేర్చిన
పాత కొలువుల అమరిక అని.
నల్ల టెర్మినల్ తెరిచి కొట్టాను:
సెట్ ఎక్స్ కేబీ మ్యాప్, ఖాళీ, టీఆర్, ఖాళీ, ఎఫ్.
ఎంటర్.
చడీచప్పుడూ లేదు. లినక్స్ అంతే,
పని అయితే మాట్లాడదు.

ఇక ఆమె చేతులు వాన.
మీట మీద ఒకటి రాసి ఉంటుంది, తెర మీద ఇంకొకటి పడుతుంది.
చూసేవాడికే ఆ అబద్ధం. ఆమె కిటికీలోంచి
కోర్టు మెట్ల మీద ఉప్పు చల్లుతున్న మనిషిని చూస్తున్నారు.
కాపరి ఇంటిపేరులో ఒక 'ఇ' మీద
ఎవరో గుమాస్తా అక్కర్లేని చుక్క పెట్టాడు.
ఆ చుక్క వల్ల వాడి నాన్న పొలం వాడిది కాకుండా పోయింది.
చుక్క తీయించమని అర్జీ. పేజీన్నర.

కాగితం ప్రింటవుతుంటే ఆమె టీకి లేచారు.
ఎవరో గిరాకీ. బోర్డు మామూలుగా చేయాలి.
అదే ఆజ్ఞ మళ్లీ కొట్టాను, క్యూ చేతులతో.
ఎనిమిది అక్షరాలు ఎనిమిది దిక్కులకి పోయాయి.
తొమ్మిదోది, 'ప' ఒక్కటే,
రెండు అమరికల్లోనూ ఉన్నచోటే ఉంది పాపం.
అలాంటి ఆజ్ఞ లేదు, అంది యంత్రం. ఇప్పుడు మాట్లాడింది.
దిగాల్సిన నిచ్చెన పైనుంచి నేనే తన్నేసుకున్నాను.

"చదువు. నేను కొడతా."
పళ్ల మధ్య చక్కెర ముక్క, దాని మీదుగా టీ,
దాని మీదుగా ఆ మాట.
ఎస్, ఈ, టీ. ఆ మాట ఏమిటో ఆమెకి అక్కర్లేదు,
నలభై ఏళ్లు ఇంకొకళ్ల మాటలే కదా కొట్టింది.
ఎక్స్ అన్నాను. వేలు ఆగింది.
మా భాషలో లేని అక్షరం.
ఏ మొగుడూ ఏ పెళ్లామూ ఏ పొలం తగాదా అడగని అక్షరం.
చిటికెన వేలు చివరిదాకా తడుముకుంటూ వెళ్లింది.
"ఇదిగో, పిలవని పేరంటానికి వచ్చి
గుమ్మం దగ్గరే నిలబడింది."
కే, బీ, ఎమ్, ఏ.
పీ దగ్గర ఇద్దరం ఒకే మీట వైపు చూశాం.
ఖాళీ. టీ, ఆర్.
ఎంటర్ని అరచేత్తో చరిచారు, బండి తోసినట్టు.

తర్వాత, ఊరికే, తన పేరు కొట్టి చూసుకున్నారు.
రాళ్లు.
"ఓహో," అన్నారు. "నాచేతే కొట్టించావా
నన్ను గుర్తుపట్టొద్దని."
నవ్వుతూనే అన్నారు. గ్లాసు కింద పెట్టడానికి
కొంచెం ఎక్కువసేపు పట్టింది.

రాత్రి షట్టరు దించుతుంటే తట్టింది:
పై బాణం నాలుగుసార్లో అయిదుసార్లో నొక్కి
పాత వరస తెచ్చుకుని, చివరి అక్షరం చెరిపితే చాలు.
ఆమెని పిలవాల్సిన పనే లేదు.

టైపు మిషను బాగయ్యేదాకా వస్తానన్నారు.
పొద్దున్న మంచులో ఆ బూట్ల చప్పుడు వినగానే
టెర్మినల్ తెరిచాను.
బాణం సంగతి చెప్పలేదు.
రేపూ చెప్పను.